సోమశిల రేవులో మూడు రాత్రులు

మొదటి రోజు: నల్లగొండ నుంచి నందికొండ

మా మేనమామ నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నీళ్ళను ఆయన అడుగుల్లోనే చూస్తాడు. పొద్దున పేపర్ చేతికి రాగానే ముందు జలాశయాల నీటిమట్టాలు చదివి, తర్వాతే మిగతా వార్తలకు వస్తాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలువ గట్టు మీద నడవడమే గానీ, కృష్ణ మీద ఒక్క రోజు కూడా ప్రయాణం చేయలేదు. "మోకాళ్ళు ఇంకా మాట వింటున్నయి బిడ్డా, ఇప్పుడే పోవాలె" అన్నాడు దసరాకు ఇంటికి వచ్చినప్పుడు. సాగర్ నుంచి శ్రీశైలం, శ్రీశైలం నుంచి సోమశిల, రెండు లాంచీల్లో పోదామని అప్పుడే అనుకున్నాం. ఏడో తరగతి చదివే మా బాబు కూడా బయల్దేరాడు.

నవంబర్ కావడంతో హాలియా దాటినప్పటి నుంచి రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే ఆరబోసి ఉన్నాయి. అవన్నీ ఎడమ కాలువ నీళ్ళతో పండిన వడ్లు. బస్సు కిటికీలోంచి మామ ఒక్కో తూమును చూపిస్తూ, అక్కడ ఏ ఏడు గండి పడిందో, రాత్రంతా ఇసుక బస్తాలు ఎలా వేశారో బాబుకు చెప్తున్నాడు.

నందికొండ, అంటే సాగర్, చేరేసరికి మధ్యాహ్నం దాటింది. హిల్ కాలనీలో రూం తీసుకుని, సాయంత్రం డ్యాం కనిపించే చోటుకు నడిచాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ రెండు తేదీలూ మామకు పుట్టినరోజుల్లాగా నోటికి వచ్చు. 26 గేట్లు, నిండితే 590 అడుగులు. రాతితో, చేతులతో కట్టిన ఆనకట్ట అని ఆయన చెప్తుంటే గొంతు మారింది. నల్లగొండలో మా ఇంటి నల్లాలో వచ్చేది కూడా ఈ నీళ్ళే. పుట్టంగండి దగ్గర పైకి ఎత్తి పంపిస్తారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని చిన్నప్పుడు మా ఊళ్ళో చూశాను. అందుకే ఈ నీళ్ళ ముందు నిలబడితే నాకు మొక్కాలనిపిస్తుంది.

బుద్ధవనం చూడటానికి గంట కంటే ఎక్కువ టైం లేకపోయింది. దానికి పూర్తిగా ఒక రోజు కేటాయించాలి.

రెండో రోజు: నీళ్ళ కింద ఊళ్ళు

పొద్దున తొమ్మిదిన్నరకు లాంచీ కదిలింది. ఎక్కగానే అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. కొందరు ఫొటో దిగి పక్కన పడేశారు. సరంగు ఇంజన్ పెంచకుండా ఆగి, అందరూ మళ్ళీ తొడుక్కున్నాకే ముందుకు పోనిచ్చాడు. ఆ ఒక్క పనితో ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

నాగార్జునకొండ దూరం నుంచే కనిపిస్తుంది. ఒకప్పుడు లోయ మధ్యలో ఉన్న కొండ, ఇప్పుడు ద్వీపం. దాని చుట్టూ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. డ్యాం నిండితే మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. నల్లగొండ జిల్లా ఒడ్డున ఏలేశ్వరానికీ ఇదే జరిగింది. తవ్వినంత తవ్వారు, తర్వాత నీళ్ళొచ్చాయి. లాంచీ ఏలేశ్వరం వైపుకు వచ్చినప్పుడు మామ లేచి నిలబడ్డాడు. ఆయన అత్తగారి తరఫు చుట్టాల పొలాలు అక్కడ మునిగాయట. ఆ మాట నాకు ఇన్నేళ్ళలో ఎన్నడూ చెప్పలేదు. కాలువ మీద ఉద్యోగం చేస్తూ దాని గురించి ఏమనుకునేవాడివని అడిగాను. "కింద ఎన్ని ఎకరాలు పారుతున్నయో లెక్క రాసుకునేటోణ్ణి బిడ్డా. ఇంకేం చేస్త" అన్నాడు.

మధ్యాహ్నానికి నల్లమల రెండు వైపులా దగ్గరికొచ్చింది. గట్ల మీద రాతి పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయి. నీళ్ళు తగిలే ఎత్తు వరకు రాయి తెల్లబారి, ఆ పైన ఎర్రగా ఉంది. కిందటిసారి నీళ్ళు ఎంతవరకు నిలిచాయో ఆ తెల్ల గీతను చూసి చెప్పొచ్చని మామ బాబుకు నేర్పించాడు. ఎండు మోడుల మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. మొసళ్ళుంటాయి, చేతులు బయట పెట్టొద్దని సరంగు రెండుసార్లు చెప్పాడు. అక్కడక్కడా చెంచు పెంటల నుంచి, అంటే అడవిలోని చెంచుల చిన్న గూడేల నుంచి, పొగ లేస్తోంది. ఇంజన్ చప్పుడు తప్ప వేరే శబ్దం లేక చాలామంది నిద్రపోయారు. నాకు మాత్రం రెప్ప వేయబుద్ధి కాలేదు.

నాలుగు దాటాక లింగాలగట్టు రేవు వచ్చింది. ఎదురుగా శ్రీశైలం డ్యాం గోడలా లేచి ఉంది. లాంచీ దాని కిందనే ఆగుతుంది. పైకి రోడ్డు మీదే పోవాలి. బాబు జేబులోంచి పెన్ను తీసి లెక్క వేశాడు. శ్రీశైలం నిండితే 885, సాగర్ నిండితే 590. ఒకే నది, డ్యాంకు ఆ పక్క నీళ్ళు ఈ పక్కకంటే 295 అడుగులు ఎత్తులో. ఎడమ గట్టు కింద భూగర్భంలో ఆరు యూనిట్ల కరెంటు కేంద్రం ఉందనీ, ఆ యంత్రాలు అవసరమైతే కింది నీళ్ళను తిరిగి పైకి తోడగలవనీ మామ చెప్పాడు. ఆ రాత్రి మల్లన్న దర్శనం ప్రశాంతంగా అయింది.

మూడో రోజు: మోకు పట్టిన చేతులు

రోప్‌వేలో పాతాళగంగ రేవుకు దిగి రెండో లాంచీ ఎక్కాం. ఇది డ్యాంకు ఎగువన, శ్రీశైలం వెనుక జలాల్లో సాగే దారి. అక్కమహాదేవి గుహల వైపు మళ్ళే పడవలు మాతో కొంత దూరం వచ్చి విడిపోయాయి. ఆ తర్వాత కొన్ని గంటలు అడవే. ఎడమ ఒడ్డున అమ్రాబాద్ పులుల అడవి, కుడి ఒడ్డున నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవి. నదికి ఎడమ, కుడి అనేది ప్రవాహం పోయే దిక్కుకు ముఖం పెట్టి చెప్తారు. మేము ఎదురు వెళ్తున్నాం కాబట్టి ఎడమ ఒడ్డు మాకు కుడిచేతి వైపు వచ్చింది. బాబు దీని మీద తాతతో చాలాసేపు వాదించి చివరికి ఒప్పుకున్నాడు.

అమరగిరి దాటాక కొండలు వెనక్కి తగ్గి నీళ్ళు సముద్రంలా పరుచుకున్నాయి. మధ్యలో చిన్న చిన్న తిప్పలు. అంతసేపు ఇరుకులో వచ్చిన కళ్ళకు ఆ విశాలం ఒక్కసారిగా తెరుచుకుంటే లాంచీలో అందరూ లేచి నిలబడ్డారు. పొద్దు గూకే వేళకు సోమశిల గుడి దీపాలు కనిపించాయి.

ఈ సోమశిల నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోది, పాత మహబూబ్‌నగర్ జిల్లా. నెల్లూరు వైపు పెన్నా మీద డ్యాం ఉన్న సోమశిల వేరు. టికెట్లు, రూములు వెతికేటప్పుడు రెండూ కలిసిపోతాయి, చూసుకోండి.

లాంచీ ఒడ్డుకు ఎలా వస్తుందో ఆ సాయంత్రం దగ్గరి నుంచి చూశాను. యాభై గజాల దూరంలోనే సరంగు ఇంజన్ తగ్గించాడు. ఆ తర్వాత లాంచీ తన బరువుతోనే జారుతూ వచ్చింది. ముందు భాగంలో నిలబడ్డ కుర్రాడు మోకు విసిరాడు. ఒడ్డు మీద చాయ్ కొట్టు నడిపే ఆవిడ పరుగున వచ్చి దాన్ని అందుకుని ఇనుప గుంజకు మూడు చుట్లు చుట్టింది. అది ఆమె ఉద్యోగం కాదు. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు పట్టాలి, అంతే. తర్వాత చెక్కపలక వేశారు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగాం. మామను ఇద్దరు పుట్టివాళ్ళు, గంపలాంటి గుండ్రటి పడవలు నడిపేవాళ్ళు, చెరో జబ్బ పట్టుకుని దించారు.

దిగగానే ఆయన మెట్లు లెక్కపెట్టాడు. నీళ్ళకు పైన తొమ్మిది మెట్లు. చాయ్ కొట్టు అక్కను అడిగాడు, మొత్తం ఎన్ని మెట్లని. "ఎవలు లెక్కపెట్టిన్రు సారూ, కింద ఉన్నయన్నీ ఒక్కసారి కనవడయి గద" అంది.

నాలుగో రోజు: గాలి

ఒక్క రాత్రి ఉండి మర్నాడు పడవలో, నీళ్ళలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి వైపు పోయి, సాయంత్రం బస్సు ఎక్కాలన్నది మా ప్లాన్. తెల్లవారుజామున గాలి మొదలైంది, దానితో పాటు ముసురు. ఆరు గంటలకు రేవుకు వెళ్తే అలలు నాలుగో మెట్టు దాకా ఎక్కి వెనక్కి పోతున్నాయి. పడవ మాట్లాడుకున్నాయన తల అడ్డంగా ఊపాడు. "డబ్బులు వాపస్ తీసుకోన్రి మేడం, ఇయాల పడవ తియ్య" అన్నాడు. నాకు మొదట నిరాశే కలిగింది. సెలవు ఒక్కరోజే మిగిలింది, నేను పాఠాలు చెప్పే స్కూల్లో యూనిట్ టెస్టులు. మామ మాత్రం వెంటనే, "మంచిమాట చెప్పినవ్" అని ఆయన భుజం తట్టాడు.

2007 జనవరిలో ఇదే కృష్ణలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. ఈ రేవులో పడవ నడిపే ప్రతి మనిషికీ ఆ రోజు గుర్తుంది. అటు సిద్ధేశ్వరం కళ్ళముందే కనిపిస్తుంది. రోడ్డు మీద పోవాలంటే మాత్రం చాలా చుట్టు తిరగాలి. అందుకే జనం పడవ ఎక్కుతారు. ఈ రెండు ఒడ్ల మధ్య 167కే జాతీయ రహదారి మీద తీగల వంతెన మంజూరైంది. వంతెన వస్తే మీ పడవలకు గిరాకీ పోదా అని పడవాయన్ని అడిగాను. "పోతే పోనీ మేడం, చీకట్ల పురిటి నొప్పులామెను పడవల తీస్కపోయిన బాధ నాకు తెలుసు" అన్నాడు.

స్కూలుకు ఫోన్ చేసి ఇంకో రెండు రోజులు సెలవు అడిగి తీసుకున్నాను. అట్లా మిగిలిన రోజే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైనది.

రేవుకు కొంచెం ఎడంగా టార్పాలిన్ గుడిసెలు వరసగా ఉన్నాయి. విశాఖపట్నం వైపు సముద్రతీరం నుంచి వచ్చిన మత్స్యకారులవి. సముద్రం వదిలి ఇంత లోపలికి ఎందుకొచ్చారని అడిగితే, ఒక పెద్దావిడ వల బాగుచేస్తూనే జవాబు చెప్పింది. అక్కడ పెద్ద మరబోట్లు వచ్చాక చిన్న వలలవాళ్ళకు బతుకు లేదట. ఆమె మనవరాలు పలక మీద అ, ఆ రాస్తోంది. బడి ఏదమ్మా అంటే, ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అంది. టీచర్‌ని కదా, ఆ పిల్ల పేరు ఏ రిజిస్టర్‌లోనైనా ఉందా అనే ఆలోచన నన్ను ఇంటిదాకా వదల్లేదు. కొల్లాపూర్‌లో తెలిసిన టీచర్ ఒకామె నంబర్ ఆ కుటుంబానికి ఇచ్చి వచ్చాను.

స్థానిక మత్స్యకారులది ఇంకో బాధ. చిన్న కన్నుల అలివి వలలు వేస్తే వేలెడంత పిల్ల కూడా మిగలదు. ప్రభుత్వం ఏటా జలాశయాల్లో వదిలే చేపపిల్లలు పెరగకముందే వలకెక్కి ఎండుచేపలైపోతున్నాయి. ఆ వలల మీద నిషేధం ఉంది, అయినా రాత్రిళ్ళు వేస్తారని చెప్పారు. ఎవరు వేస్తారో వాళ్ళకూ తెలుసు, పైకి చెప్పరు. ఒకే నీళ్ళ మీద బతకాలి కదా.

పుట్టి తిప్పడం బాబుకు నేర్పించింది ఒక పదిహేనేళ్ళ పిల్లవాడు, ఒడ్డు పక్కన గాలి తగలని మడుగులో. వెదురు అల్లిక, దానికి బయట పట్టా, పట్టాకు తారు. చూడటానికి పెద్ద గంపలా ఉంటుంది. తెడ్డును మామూలు పడవలోలా పక్కకు వేస్తే అక్కడికక్కడే బొంగరంలా తిరుగుతుంది. ముందుకు వంగి, నీళ్ళను కుడి ఎడమలుగా మార్చి మార్చి తన వైపు లాక్కోవాలి. బాబు అరగంట గిర్రున తిరిగి, చివరికి పది గజాలు సూటిగా పోయాడు. ఆ సంబరంలో దిగి మెట్ల మీదికి పరుగెత్తాడు. నీళ్ళు కొత్తగా వదిలిన మెట్టు మీద పాచి. కాలు జారి మోకాలు చీరుకుపోయింది, తల వెనక్కి పడబోతుంటే చాయ్ కొట్టు అక్క రెక్క పట్టి ఆపింది. నా గుండె కాసేపు కొట్టుకోలేదు. ఆమె పసుపు అద్ది, బాబును కూర్చోబెట్టి చెప్పింది: తడిసిన మెట్టు జారదు, మొన్నటిదాకా మునిగి నిన్న బయటపడ్డ మెట్టు జారుతుంది. రోజూ పొద్దున తనే ఆ మెట్టు మీద ఇసుక చల్లుతుందట, ఈ ముసురుకు కొట్టుకుపోయింది.

ఈ రేవు ఒక చోట ఉండదని నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు తొమ్మిదో మెట్టు దగ్గర ఉంది. సంక్రాంతికి ఇంకా కిందికి పోతుంది. ఎండాకాలానికి మెట్లు దాటి బురదలోకి, అక్కడి నుంచి ఎక్కడో దూరానికి. లాంచీ కట్టే గుంజ, పుట్టి బోర్లించే చోటు, చాయ్ కొట్టు బల్ల, గుడిసెలు, అన్నీ నీళ్ళ వెంట దిగి, వానాకాలం వరదకు మళ్ళీ నీళ్ళకు ముందు పరుగెత్తి పైకి ఎక్కుతాయి. కర్ణాటకలో వాన పడితే ఇక్కడ గుడిసె పీకి పెట్టుకుంటారు. నీళ్ళతో పాటు పైకీ కిందికీ కదిలే తేలే జెట్టీ ఒకటి మంచిది, చేతికి పట్టుకోవడానికి గొలుసులు ఉన్నది, ఇంతమంది యాత్రికులు దిగే ఇలాంటి ప్రతి రేవుకూ కావాలి. మామను అలా జబ్బలు పట్టి దించడం ప్రేమే. కానీ ఆ ఇద్దరు లేని రోజు ఇంకో ముసలాయన ఎలా దిగుతాడు?

మధ్యాహ్నం రేవు పక్క పూటకూటి ఇంట్లో రవ్వ చేప వేపుడు, జొన్న రొట్టె తిన్నాం. పొద్దున తీసిన చేప, ఉప్పూ కారం తప్ప పెద్దగా మసాలా లేదు. ఇంత రుచైన చేప నేను తినలేదు.

సాయంత్రం ముసురు తగ్గాక లలితా సోమేశ్వరుడి గుడికి వెళ్ళాం. పాత గుడి శ్రీశైలం మునకలో పోతుంటే రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టినది. పన్నెండు జ్యోతిర్లింగాల రూపాలు ఇక్కడ ఒక్కచోటే దర్శనమవుతాయి. కృష్ణ ఒడ్డున ఇలా ఇల్లు మారిన దేవుళ్ళు చాలామంది. జటప్రోలు మదనగోపాలుడు, కొల్లాపూర్ మాధవస్వామి, కూడవెల్లి నుంచి అలంపురం చేరిన సంగమేశ్వరుడు. దేవుళ్ళకు కొత్త చోటు చూపించినంత శ్రద్ధగా మునక ఊళ్ళ మనుషులకూ చూపించి ఉంటే ఎంత బాగుండేది అని మామ గుడి మెట్ల మీద కూర్చుని అన్నాడు.

ఐదో రోజు: గుడి మీదుగా

గాలి ఆగింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడవాయన తనే వచ్చి పిలిచాడు.

సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరుడిని మాత్రం పైకి తేలేదు. ఆ మూలస్థానం అక్కడే ఉంది. అందులో లింగం రాయి కాదు, వేపచెట్టు మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని నమ్ముతారు. శ్రీశైలం నీటిమట్టం 840 అడుగుల దగ్గరికి పడితేనే గుడి పూర్తిగా బయటికొస్తుంది. మిగతా నెలలన్నీ నీళ్ళలోనే. అన్నేళ్ళుగా ఏటా మునిగి తేలుతున్నా ఆ కొయ్య చెడిపోలేదు.

గంటకు పైగా పోయాక పడవాయన ఇంజన్ ఆపాడు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఒక కొండ కొసనూ, అవతలి ఒడ్డు మీది చెట్టునూ చూసి గుర్తుపట్టాడు. "గిక్కడ్నే సారూ, మన కిందనే" అన్నాడు. మామ జేబులోంచి నోటుబుక్కు తీశాడు. ముందు రోజు పేపర్‌లో 882 అని ఉంది. నలభై రెండు అడుగులు అని రాసుకుని, ఆ పుస్తకాన్ని మూసి, చెప్పులు విప్పాడు. పడవలో చెప్పులు విప్పి దండం పెట్టిన మనిషిని నేను చూడటం అదే మొదలు. బాబు కూడా విప్పాడు. పడవాయన ఇంటి నుంచి తెచ్చిన బంతిపూలు నాలుగు నీళ్ళ మీద వేశాం. అవి కాసేపు మా పక్కనే తిరిగి, మెల్లగా శ్రీశైలం వైపు కదిలాయి.

తిరిగి వచ్చేటప్పుడు అందరం మౌనంగానే ఉన్నాం. ఆ రాత్రి కూడా సోమశిలలోనే ఉండిపోయాం.

ఆరో రోజు: ఇంటికి

ఆటోలో కొల్లాపూర్. ఆరేడు మైళ్ళ దారి, మామిడి తోటలు. ఇక్కడి బేనిషాన్‌కు మంచి పేరుంది, ఎండాకాలం వస్తే అది ఒక్కటే చాలు. మహాత్మా గాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల మొదటి పంపుహౌస్ ఇటు పక్కే ఉందని, చూద్దామని మామ అడిగాడు, టైం లేక ఆపాను. ఇంకోసారి తప్పకుండా తీసుకెళ్ళాలి. నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సులు మారుతూ రాత్రికి నల్లగొండ చేరాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. జలాశయాలు నిండుగా ఉన్నప్పుడే లాంచీలు శ్రీశైలం దాకా తిరుగుతాయి, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సోమశిలకు ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. పడవాయన ఈరోజు వద్దంటే బతిమాలకండి, ఎక్కువ డబ్బులు చూపించకండి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చాయ్ కొట్టు అక్క ఫోన్ చేసింది. మామ వచ్చేటప్పుడు ఆమెకు ఒక పని అప్పజెప్పి వచ్చాడట, నాకు తెలియదు. తొమ్మిదో మెట్టు మీద సుద్దతో గీత పెట్టి, నీళ్ళు దిగిన కొద్దీ లెక్కపెట్టమన్నాడు. "గీత కాన్నుంచి ముప్పై ఆరు మెట్లు దిగింది సారూ" అంది. మెట్టుకు అర అడుగు. మామ పద్దెనిమిది అని రాసుకుని, ఆ రోజు పేపర్ తెచ్చి మట్టం పక్కన పెట్టి చూసుకున్నాడు. ఫోన్ పెట్టేసే ముందు ఆమె బాబును అడిగిందట. కింది మెట్లన్నీ పాచి పట్టి ఉన్నయి, మళ్ళొస్తే ఇసుక చల్లిందాకా దిగొద్దని చెప్పమంది.